అయ్యగారు అనని మాట

పాలు పోసిన తరువాత కూడా సక్కుబాయి మెట్టు దిగలేదు. కొలత గ్లాసును క్యాను అంచుకు తగిలించి, మూత బిగించి, కొంగుతో చేతులు తుడుచుకుని అక్కడే నిలబడింది. గిన్నెతో లోపలికి వెళ్ళబోతున్న ఫణికుమార్ ఆగిపోయాడు.

"మంగళారం పేషీ ఉన్నది సారూ, నయాపూల్ కోర్టుల," అంది. "నీకు సాక్ష్యం ఎవరమ్మా అని వకీల్‌సాబ్ ఒక్కటే తీరుగ అడుగుతున్నడు. నాకెవరున్నరు? చూసింది మీరొక్కరే."

"చూశానమ్మా. కానీ నేను చూసింది..."

"గోనెసంచి. నాకెరుకే. పోయినసారి గూడ గదే చెప్పిన్రు." ఆమె నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఆయనకు తెలియలేదు. "గా సంచిల ఏమున్నదో గదే జడ్జి అడుగుతడు. మీరొచ్చి సంచే చెప్పుండ్రి. సంచి చాలు నాకు."

ఆమె క్యాను ఎత్తుకుని వెళ్ళిపోయింది. గౌలిపుర సందులో ఆమె రబ్బరు చెప్పుల చప్పుడు మలుపు దాకా వినిపించింది.

నెల కిందట తెల్లవారుజామున నడకకు బయలుదేరినప్పుడు ఆమె కొట్టం పక్కన ఒక ట్రాలీ ఆటో ఆగి ఉండటం ఫణికుమార్ చూశాడు. గోనెసంచిలో చుట్టిన బరువైన వస్తువును నలుగురు మనుషులు దించి, గోడ మూలకు మోసుకుపోయారు. టార్చి పట్టి వాళ్ళకు దారి చూపించినవాడు బస్తీ సంఘం అధ్యక్షుడు ప్రహ్లాద్. మూడో రోజు ఆ మూలలోనే ఆంజనేయస్వామి భూమిలోంచి వెలిశాడన్నారు. సిందూరం పూసిన మూడడుగుల రాయి. వారం తిరగకముందే గుడి కట్టాలనీ, స్వామి పక్కన పెండకుప్ప ఉండరాదనీ, కొట్టం ఖాళీ చేయాలనీ సంఘం తీర్మానించింది. ఆరు బర్రెలున్న సక్కుబాయి కోర్టుకు వెళ్ళింది.

ఫణికుమార్ ముప్పయ్యేళ్ళు ప్రభుత్వ ప్రయోగశాలలో రష్యన్ సాంకేతిక పత్రాలను అనువదించి రిటైరైనవాడు. మూలంలో లేని మాట అనువాదంలో చేరితే ఎక్కడో ఒక యంత్రం పగులుతుందని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాడు. తాను చూసినది సంచి. అందులో రాయి ఉందనడం ఒక ఊహ. ఆ రాయే ఈ రాయి అనడం దాని మీద మరో ఊహ. ఈ తర్కంలో ఎక్కడా తప్పు లేదు. తప్పు దొరకకపోవడమే ఆయనను నెల రోజులుగా బాధిస్తోంది.

"ఏమంటుంది?" అని వంటింట్లోంచి భార్య సుచరిత అడిగింది.

"అదే."

"వెళ్తారా?"

ఆయన పాలు స్టవ్ మీద పెట్టాడు.

"దేవుడు లేడని నలభై ఏళ్ళుగా చెబుతున్నారు, ఒక్కరూ మిమ్మల్ని ఏమీ అనలేదు," అంది సుచరిత కూర తరుగుతూ. "ఒక రాయి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పి చూడండి, అప్పుడంటారు. అసలే మనల్ని ఆంధ్రావాళ్ళంటారు. వెళ్ళమనీ అనను, వద్దనీ అనను. పాలు పొంగుతున్నాయి చూసుకోండి."

శనివారం మధ్యాహ్నం మైథిలి వచ్చింది. కాలేజీలో చరిత్ర చెప్పే ఆమె నెలకొక ఆదివారం బస్తీ కమ్యూనిటీ హాల్లో సినిమాలు వేస్తుంటుంది. ఈసారి తెచ్చినది కొత్త రష్యన్ చిత్రం, మూడేళ్ళ కిందట తీసినది. డిస్కులో సబ్‌టైటిల్స్ లేవు. అందుకే ఫణికుమార్ మైకు దగ్గర కూర్చుని మాట మాటకూ తెలుగు చెప్పాలి. పది రోజులుగా ఆయన కంప్యూటర్ మీద ఆ చిత్రాన్ని ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, రూళ్ళ పుస్తకంలో ఎడమవైపు నిమిషాలూ సెకన్లూ, కుడివైపు తెలుగు వాక్యాలూ రాసుకున్నాడు. నటుడి నోరు ఎంతసేపు కదులుతుందో వాక్యం అంతలో ముగియాలి. పాత్రల గొంతులు అనుకరించడం ఆయనకు ఇష్టముండదు. అందరి మాటలూ ఒకే స్వరంలో, నీళ్ళు పోసినట్టు చెబుతాడు.

"పాదిరీని ఏమంటున్నారు సార్? ఫాదర్ అనా?" అని అడిగింది మైథిలి.

"అయ్యగారు అంటున్నాను. మన హాల్లో కూర్చునేవాళ్ళకు ఆ పిలుపులో దూరం ఉండదు."

మైథిలి పుస్తకం తిరగేసింది. "అక్కడ పాత కమ్యూనిస్టు ప్రభుత్వం చర్చిలకు తాళాలు వేసింది. కొత్త డబ్బున్నవాళ్ళు వాటికి బంగారు గుమ్మటాలు ఎత్తుతున్నారు. ఇప్పుడు తీస్తున్న దర్శకులు కొందరు ఆ గుమ్మటం కింద ఎవరున్నారో చూపిస్తున్నారు. మంచివాడెవడో చెడ్డవాడెవడో మాత్రం తేల్చరు. మా ఫిల్మ్ క్లబ్బులో దీని మీదే పోట్లాట."

చిత్రంలో తేలనిది ఒకటే విషయం, అయ్యగారి మౌనం పాపమా పుణ్యమా అన్నది. ఉత్తరాన మంచులో ఒక బొగ్గు గని ఊరు. కరెంటు ఆదా కోసం గని యజమాని గాలి పంకాలు ఆపించడంతో తొమ్మిదిమంది లోపల ఊపిరాడక చనిపోయారు. యంత్రం చెడిందని అందరికీ చెప్పాడు. చనిపోయినవాళ్ళ పేరు మీద గని నోటి దగ్గరే చర్చి కట్టిస్తున్నాడు. పంకాల గదికి దీపాల నూనె అడగడానికి ఆ సాయంత్రం వెళ్ళిన అయ్యగారు, యజమాని తన చేత్తో మీట దించడం చూశాడు. లీదియా అనే వితంతువు నీళ్ళ పంపు దగ్గర ఆయనను ఒకే ప్రశ్న అడుగుతుంది: మీరు చూశారా? అయ్యగారు మాట్లాడడు. యాభై సెకన్లు. తరువాత ఆమె బకెట్టు ఎత్తి ఇంటిదాకా మోసిపెడతాడు. ఆ మౌనానికి బదులుగా ఊళ్ళో అనాథ పిల్లలకు యజమాని నుంచి వేడి భోజనం, వెచ్చని గది సంపాదిస్తాడు. చివరికి లీదియా రైలెక్కి వెళ్ళిపోతుంది. చర్చి గంట మోగుతుంది.

"యాభై సెకన్లు మీకు పనే లేదన్నమాట," అని నవ్వింది మైథిలి.

"ఆ యాభై సెకన్లే కష్టం," అన్నాడు ఫణికుమార్.

ఆమె వెళ్ళిన గంటకు ప్రహ్లాద్ హాలు తాళంచెవి ఇవ్వడానికి తానే వచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట సన్నని సిందూరపు గీత, చేతిలో మిఠాయి పొట్లం. కర్ఫ్యూ రోజుల్లో పోలీసుల మధ్య నుంచి పాల క్యాన్లు మోసి ఈ సందుల్లో పసిపిల్లలకు పాలు అందించినవాడు. సందుకు బోరింగు వేయించినవాడు. ఆ సంగతులు తలుచుకోకుండా అతనితో మాట్లాడటం ఫణికుమార్‌కు ఎన్నడూ సాధ్యం కాలేదు.

"మన హాల్ల రష్యా సినిమా అంట గద సార్! ఫైటింగ్ ఉంటదా?"

"ఉండదు."

"ఇగ మా పోరగాళ్ళు పండుకుంటరు." పెద్దగా నవ్వి కుర్చీ లాక్కున్నాడు. కాసేపు తాళంచెవి తిప్పుతూ కూర్చుని, గొంతు తగ్గించాడు. "సక్కుబాయి మీతాన వచ్చి ఏడుస్తున్నదంట. ఏడ్వనియ్యండ్రి, మా చెల్లె లెక్కనే గామె. రోడ్డు మీద పడేస్తనా? జల్‌పల్లిల జాగ చూసిన, బర్రెలకు మస్తు ఖుల్లా జాగ. ఈ సందుల ఇంకెన్నేండ్లు కడతది బర్రెల్ని? కార్పొరేషనోళ్ళు రేపో మాపో ఎట్లైన లేపుతరు. గప్పుడు జాగ గూడ ఇయ్యరు."

"మరి స్వామి?" అని అడిగాడు ఫణికుమార్. తన గొంతు అంత మెత్తగా రావడం ఆయనకే నచ్చలేదు.

ప్రహ్లాద్ కళ్ళు దించలేదు. "మీరు నమ్మరు సార్, నాకెరుక. నేను నమ్ముత. ఎట్లొచ్చినా స్వామి స్వామే. గుడి అయితే దాని ఎన్క పిల్లలకు ట్యూషన్ రూము కడత. మీరే లెక్కలు చెప్పాలె." తాళంచెవి బల్ల మీద పెట్టి లేచాడు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి హాలు కిటికీలకు దుప్పట్లు కట్టారు. ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలు, వెనక జంపఖానాలు. మైథిలి క్లబ్బువాళ్ళు ఇరవైమంది, బస్తీవాళ్ళు అంతకు రెట్టింపు. ప్రహ్లాద్‌ను ముందు కూర్చోబెట్టారు. విరామంలో ఇచ్చే టీ కోసం ముందే పాలు తెచ్చిన సక్కుబాయిని మైథిలి వెళ్ళనివ్వలేదు. ఆమె క్యానును ఒళ్ళో పెట్టుకుని గోడ పక్కన కూర్చుంది.

తెరకు ఎడమవైపు చిన్న బల్ల, మైకు, పుస్తకం మీద వెలుగు పడేలా వంచిన టేబుల్ లైటు. ఫణికుమార్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు. మొదటి పది నిమిషాలు జనం గుసగుసలాడారు. ఇద్దరు పిల్లలు తెర మీద చేతుల నీడలు వేసి తిట్లు తిన్నారు. తరువాత గని మెట్ల మీద తొమ్మిది టోపీలు వరసగా పెట్టిన దృశ్యం వచ్చింది. హాలు నిశ్శబ్దమైంది. ఆయన స్వరం ఎక్కడా తొట్రుపడలేదు. విరామం తరువాత కూడా వచ్చినవాళ్ళు వచ్చినట్టే కూర్చున్నారు.

ఒక గంటా పన్నెండో నిమిషంలో లీదియా నీళ్ళ పంపు దగ్గరకు వచ్చింది.

"అయ్యగారూ," అని చదివాడు ఫణికుమార్. "ఆ సాయంత్రం మీరు పంకాల గదిలో ఉన్నారు. నాకు డబ్బు వద్దు. పింఛను వద్దు. ఒక్కటే అడుగుతాను. మీరు చూశారా?"

పుస్తకంలో తరువాతి గీతకు కుడివైపు ఖాళీ. తెర మీద పాదిరీ గడ్డం మీద మంచు పడుతోంది. పంపు నుంచి నీటిచుక్కలు బకెట్టులో పడుతున్నాయి. పది సెకన్లు. పదిహేను. జంపఖానా మీద ఎవరో కదిలారు.

"ఆవాజ్ వస్తలేదు!"

"మైకు బంద్ అయినట్టున్నది."

"సార్, ఏమన్నడు? అయ్యగారు ఏమన్నడు?"

ఎవరో లేచి మైకు తీగ పరీక్షించడానికి ముందుకు వస్తున్నారు. ఫణికుమార్ తల ఎత్తాడు. తెర వెలుగులో గోడ పక్కన సక్కుబాయి ముఖం కనిపించింది. ఆమె తెర వైపు చూడటం లేదు. మాట రావలసింది మైకు నుంచి కాబట్టి, మైకు వైపు చూస్తోంది.

"చూశాను," అన్నాడాయన.

ఆ మాట స్పీకరులో మామూలుగానే, అంతకుముందు చెప్పిన వందల మాటల్లో ఒకటిగానే వినిపించింది. లేచినవాడు కూర్చున్నాడు. "గట్ల చెప్పాలె!" అని వెనకనుంచి ఒక ముసలి గొంతు. ఫణికుమార్ మెడ వెనక చెమట పట్టింది. ఆ చెమటలో ఏదో తేలిక కూడా ఉంది. తెర మీద అయ్యగారు వంగి బకెట్టు ఎత్తాడు. ఆ వంగడం ఇప్పుడు ధైర్యవంతుడి వినయంలా కనిపించింది.

అప్పుడు ఆయనకు పుస్తకంలో మిగిలిన ఆరు పుటలు గుర్తొచ్చాయి.

తరువాతి దృశ్యంలో యజమాని, అయ్యగారు ఒక బల్ల దగ్గర కూర్చుని సిమెంటు బస్తాల గురించీ, బిషప్పు రాక గురించీ మాట్లాడుకుంటారు. నిజం బయటపెట్టిన మనిషి, ఆ నిజంతో దొరికిపోయిన మనిషి సిమెంటు గురించి మాట్లాడితే ఎవరూ నమ్మరు. యజమాని నోరు తెరిచాడు. ఫణికుమార్‌కు ఆలోచించే వ్యవధి లేదు. "చెప్పావట," అన్నాడు. "అందరి ముందూ చెప్పావట. ఎవరు విన్నారు?" పెదవులు ఆగేసరికి వాక్యం ముగిసింది. ముప్పయ్యేళ్ళ అభ్యాసం ఆయనను వదల్లేదు. ఒక అబద్ధం తెర మీది ముఖాలకు అతకడానికి మరొకటి, దానికి మరొకటి. మనుషుల ముఖాలు ఎంత అలసటగా ఉన్నాయో ఈ కొత్త మాటలు వాటికి అంత బాగా కుదిరాయి. రైల్వే స్టేషన్‌లో లీదియా నిజానికి రొట్టెలమ్మే ఆవిడను ధర అడుగుతోంది. "చెప్పాడమ్మా," అని ఆమె నోట ఆయన పలికాడు. "అధికారులకూ చెప్పాడు. అయినా ఒక్క కాగితం కదల్లేదు." రైలు కదిలింది. గంట మోగింది. యజమాని మోకరిల్లి శిలువను ముద్దుపెట్టుకున్నాడు.  ఆ ముద్దుకు మాత్రం అనువాదం అక్కరలేదు.

దుప్పట్లు విప్పారు. మైథిలి చర్చ మొదలుపెట్టబోయింది గాని బస్తీవాళ్ళు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు. ప్రహ్లాద్ బల్ల దగ్గరకు వచ్చి ఫణికుమార్ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"జబర్దస్త్ సినిమా సార్. గా అయ్యగారు పాపం ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. ఏం ఫాయిదా అయింది? గుడి ఆగిందా? ఆగలే. కానీ పిల్లలకు బువ్వ దొరికింది చూడుండ్రి. లోకం గట్లనే నడుస్తది."

అతని వీపు వెనకగా సక్కుబాయి ఖాళీ క్యానుతో బయటికి నడుస్తోంది. తల తిప్పలేదు.

సోమవారం పొద్దున పాలు ఆమె మరదలు తెచ్చింది. సక్కుబాయి ఎక్కడని అడిగితే, "పని మీద పోయింది," అంది. ఫణికుమార్ రోజంతా పుస్తకం ముందు పెట్టుకుని, డిస్కులో ఆ చివరి ఇరవై నిమిషాలు మళ్ళీ చూశాడు. సిమెంటు బస్తాలు. రొట్టె. నిజమైన చిత్రంలో యజమానికి భయం ఉంది. అయ్యగారు నోరు తెరుస్తాడేమోనన్న భయంతోనే ప్రతిసారీ అడిగినదల్లా ఇచ్చాడు. అంటే ఆ మాటకు విలువ ఉంది. తాను పలికించిన చిత్రంలో ఆ మాట బయటికి వచ్చింది, దేనికీ పనికిరాలేదు.

"సుచరితా," అని పిలిచాడు. "రేపు నయాపూల్ వెళ్తున్నాను."

ఆమె ఇస్త్రీ పెట్టె తీసి తెల్ల చొక్కా మడత విప్పింది. "సంచి అని చెబుతారా, రాయి అని చెబుతారా?"

"సంచి. నలుగురు మనుషులు. టార్చి పట్టుకున్నవాడి పేరు. చూసింది చూసినట్టు. మిగతాది న్యాయమూర్తి ఊహించుకుంటాడు. అది ఆయన పని."

"ఇదే మాట నెల కిందట అని ఉంటే ఆమె నాలుగు రాత్రులు నిద్రపోయేది," అంది సుచరిత, కాలర్ మీద నీళ్ళు చిలకరిస్తూ.

సాయంత్రం ఆయన కొట్టానికి వెళ్ళాడు. బర్రెలు నెమరు వేస్తున్నాయి. మూలన పందిరి కింద సిందూరపు రాయి ముందు దీపం వెలుగుతోంది. సక్కుబాయి లేదు. జల్‌పల్లి పోయిందని, పొద్దుపోయి వస్తుందని పక్కింటావిడ చెప్పింది. ఎందుకని ఆయన అడగలేదు. చుట్టం ఎవరో ఉన్నారనుకున్నాడు. రేపు కోర్టులో తనను చూస్తే ఆమె ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఇంటికి నడిచాడు.

మంగళవారం నయాపూల్ దగ్గర బస్సు దిగి, వంతెన మీది బేరగాళ్ళను తప్పించుకుంటూ పదిన్నరకల్లా కోర్టు ఆవరణలోకి చేరాడు. చెట్టు కింద టైపు మిషన్ల వరస దాటగానే ఒక బెంచీ మీద సక్కుబాయి కనిపించింది. పక్కనే ప్రహ్లాద్. ఇద్దరి చేతుల్లోనూ టీ గ్లాసులు.

"అరే, సార్ వచ్చిండు!" ప్రహ్లాద్ లేచి చోటిచ్చాడు.

"సాక్ష్యం చెప్పడానికి వచ్చానమ్మా," అన్నాడు ఫణికుమార్ నిలబడే. ప్రహ్లాద్ వింటుండగా అనాలనే ఆ మాట అన్నాడు.

సక్కుబాయి టీ గ్లాసు కింద పెట్టింది. ఆమె బొటనవేలికి నీలం సిరా మరక.

"రాజీ అయిపోయింది సారూ. నిన్న జల్‌పల్లి పోయి జాగ చూసొచ్చిన. నీళ్ళున్నయి. గడ్డి గూడ దగ్గర్నే."

"ఎందుకమ్మా? నేను చెబుతానుగా. నేను చూసిందంతా చెబుతాను."

"మీరు చెప్తరు. మీ మనసు మంచిది." ఆమె ఓపికగా, చిన్నపిల్లాడికి చెబుతున్నట్టు చెప్పింది. "గా అయ్యగారు గూడ మంచోడే గద. చదువుకున్నోడు, దేవుని మనిషి, అందరి ముంగట చూసిన అన్నడు. ఏమైంది? గామె మూట కట్టుకొని రైలెక్కింది. వట్టి చేతులతోని పోయింది. నేను రాత్రంత ఆలోచన చేసిన సారూ. గామె లెక్క పోవుడెందుకు? ఇస్తనన్నప్పుడే తీసుకొని పోత."

"సినిమాలో ఆయన చెప్పలేదు సక్కుబాయీ!" ఆయన గొంతు పెరిగింది. టైపు మిషన్ల దగ్గర ఒకరిద్దరు తల తిప్పారు. "ఆ మాట నేను కలిపాను. ఆయన నోరే తెరవలేదు. తరువాత మాటలూ నావే. చెబితే ఏమయ్యేదో ఆ సినిమాలో లేనే లేదు."

ప్రహ్లాద్ ఆయన వైపు కొత్తగా చూశాడు. 

సక్కుబాయి కొంగుతో బొటనవేలి సిరా తుడుచుకుంది. "చెప్పకపోతే గామె పోకపోయేదా?"

"అప్పుడూ పోయింది."

"మరింక?" అంది ఆమె. ఆ మాటలో నింద లేదు. లెక్క సరిపోయిందన్న తృప్తి లాంటిదే ఉంది.

వకీలు గుమస్తా రాజీ కాగితాలు పట్టుకుని వచ్చాడు. రెండో సాక్షి సంతకం కావాలన్నాడు. రావలసిన మనిషి ఇంకా రాలేదు, పన్నెండులోపు కోర్టులో దాఖలు చేయాలి. ప్రహ్లాద్ ఫణికుమార్‌ను చూపించలేదు, అడగనూ లేదు. సక్కుబాయే అడిగింది.

"మీరు చెయ్యండ్రి సారూ. మీరైతే అంత చదివి చేస్తరు. నాకు ధైర్యం."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. జల్‌పల్లిలో స్థలం కొలతలు సరిగ్గా ఉన్నాయి. ఖాళీ చేసే గడువు స్పష్టంగా ఉంది. మూడో పేరాలో వేలు ఆగింది. 'సదరు స్థలమునందు శ్రీ ఆంజనేయస్వామివారు స్వయముగా వెలసినందున.'

"ఈ వాక్యం తీసేయాలి," అన్నాడు.

"తీసేస్తం సార్," అన్నాడు ప్రహ్లాద్ మెల్లగా. "కానీ మళ్ళ టైపు జెయ్యాలె. ఇయ్యాల పెట్టకపోతే వాయిదా రెండు నెలలు పోతది. గా జాగ రెండు నెలలు ఆగుతదో ఆగదో నేను చెప్పలేను. ఇంకొకరు అడుగుతున్నరు. ఉన్నమాటే చెప్తున్న."

అతను అబద్ధం చెబుతున్నట్టు కనిపించలేదు. ఫణికుమార్ సక్కుబాయి వైపు చూశాడు. ఆమె బెంచీ మీదనుంచి లేచి నిలబడింది.

"కోర్టు చుట్టు తిరిగి తిరిగి కాళ్ళు గుంజుతున్నయి సారూ. స్వామి ఎట్ల వెలిసిండో స్వామికెరుక. ఇంటికాడ బర్రెలు పొద్దటి నుంచి నీళ్ళు తాగలే. జర జల్ది చెయ్యండ్రి."

గుమస్తా కలం మూత తీసి ఇచ్చాడు. ఫణికుమార్ సాక్షి అన్నచోట పూర్తి పేరు రాశాడు. తండ్రి పేరు, వయస్సు, వృత్తి: విశ్రాంత అనువాదకుడు. తేదీ వేసి, మరొక్కసారి ఆ పేరా మీదుగా కళ్ళు పోనిచ్చి, కింద సంతకం చేశాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, ఒకదానికొకటి ఎడంగా, చదవడానికి వీలుగా వచ్చాయి.

సక్కుబాయి కాగితం అందుకుని సిరా ఆరేదాకా గాలిలో ఊపింది.

"ఆదివారం దాకా పోస్త," అంది. "ఆ తర్వాత పాలకు ఎవరినన్న చూసుకోండ్రి సారూ. జల్‌పల్లి నుంచి గింత దూరం నేను రాలేను."